శివారు దాకా మాట: ఆన్‌లైన్ అభ్యాస గ్రూపుల్లో అందరూ పాలుపంచుకోవాలంటే

గోదావరి డెల్టాలో ఈనాడు నేర్చుకునే పని చాలావరకు ఫోనులోనే సాగుతోంది. భీమవరం చుట్టుపక్కల వనామీ రొయ్యల రైతులకు, అంబాజీపేట ప్రాంతపు కొబ్బరి రైతులకు, కడియం నర్సరీల వారికి, నరసాపురం లేసు అల్లే మహిళలకు, అమలాపురంలోనో కాకినాడలోనో గది అద్దెకు తీసుకుని డీఎస్సీకీ గ్రూప్-2కూ చదువుకునే యువతకూ ఎవరి గ్రూపులు వారికున్నాయి. వాటిని నడిపేవారి నోట వినిపించే మాట మాత్రం ఒక్కటే: చేరినవారు రెండు మూడు వందల మంది, మాట్లాడేది ఎప్పుడూ ఆ నలుగురే, మిగిలినవారు బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకుంటారు, కొందరు అదీ పెట్టరు. అటువంటి గ్రూపును నడుపుతున్నవారి కోసం, నడపబోతున్నవారి కోసం ఈ వ్యాసం. ఇందులోని సూచనలన్నిటికీ ఆధారం ఒక్కటే: తమ దగ్గర తప్ప మరెవరి దగ్గరా లేని సమాధానాన్ని అడిగినప్పుడే సభ్యులు నోరు విప్పుతారు.

మౌనమంతా ఒకటి కాదు

వెబ్‌సైట్ల వాడుక మీద పరిశోధన చేసిన జేకబ్ నీల్సన్ 2006లో ఒక లెక్క చెప్పాడు. ఆన్‌లైన్ సమూహాల్లో సుమారు 90 శాతం మంది చదివి ఊరుకుంటారు, 9 శాతం మంది అప్పుడప్పుడు మాట్లాడతారు, రాసేదాంట్లో అత్యధిక భాగం మిగిలిన 1 శాతం మందిదే. ఇది ప్రకృతి నియమమేమీ కాదు, మోటు లెక్క మాత్రమే. అయినా మీ గ్రూపు లోకవిరుద్ధంగా ఏమీ లేదని తెలుసుకోవడానికి పనికొస్తుంది. అందరి చేతా మాట్లాడించి తీరాలన్న పంతం మొదటే వదులుకోవాలి.

మాట్లాడనివారు నేర్చుకోవడం లేదనుకోవడమూ పొరపాటే. జీన్ లేవ్, ఎటియన్ వెంగర్ అనే ఇద్దరు పరిశోధకులు 1991లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, పనిలోకి కొత్తగా వచ్చినవారు ముందు అంచున నిలబడి చూస్తారు, తప్పినా నష్టం లేని చిన్న పనులు చేస్తారు, ఆపైన నడిమికి చేరతారు. వారు చూపిన ఉదాహరణల్లో ఆఫ్రికాలోని లైబీరియా దేశపు దర్జీలు ఉన్నారు. అక్కడ శిష్యుడి చేతికి మొట్టమొదట కత్తెర ఇవ్వరు. గుండీలు కుట్టడం, అంచులు మడవడం వంటి చివరి పనులతో మొదలుపెట్టి, కుట్టు నేర్పి, బట్ట కత్తిరించే పనిని అన్నిటికన్నా ఆఖరున అప్పగిస్తారు. గుడ్డ పాడైతే నష్టం ఎక్కువ గనుక ఆ వరుస. మన గ్రూపుల్లో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. నిన్న చేరిన మనిషిని నేడే అభిప్రాయం చెప్పమంటాము, అంటే కత్తెర ముందే చేతికిస్తాము. దానికి బదులు, వాయిస్ సందేశాన్ని విని రెండు వాక్యాల్లో రాసిపెట్టడం, నిన్నటి ధరను రాజమహేంద్రవరం మార్కెట్‌లో కనుక్కుని చెప్పడం, పాత చర్చలో ఒక ఫోటోను వెతికి మళ్లీ పెట్టడం వంటి పనులు కొత్తవారికి అప్పగించాలి. అవి నిజంగా అవసరమైన పనులే కావాలి. ఊరికే పని కల్పించినట్లు కనిపిస్తే ఎవరూ రెండోసారి చేయరు.

కాబట్టి పట్టించుకోవలసింది చదువుతూ తృప్తిగా ఉన్నవారి గురించి కాదు, చెప్పాలని ఉండీ చెప్పలేకపోతున్నవారి గురించి. ఎవరు ఏ రకమో తెర మీద తెలియదు. గ్రూపు మొదలైన నెలలోపు ఎన్నడూ మాట్లాడని ఓ పదిమందికి విడివిడిగా ఫోను చేసి, ‘ఎందుకు మాట్లాడటం లేదు’ అని కాకుండా ‘ఈ నెలలో వచ్చినవాటిలో మీకు పనికొచ్చింది ఏమిటి’ అని అడగాలి. ఏదో ఒకటి వెంటనే చెప్పగలిగినవారు చదువుతున్నారని అర్థం, వారిని కదిలించనక్కర్లేదు. ‘నాదగ్గర వేరేగా జరిగిందండీ, కానీ చెబితే ఏమనుకుంటారోనని’ అంటూ మొదలుపెట్టినవారే మీకు కావలసినవారు. గ్రూపులో ఉన్నట్టే గుర్తులేనివారిని మర్యాదగా వెళ్లనివ్వండి.

ప్రశ్న అడిగే తీరు

చాలా గ్రూపుల్లో అడ్మిన్ వేసే ప్రశ్నలు పరీక్షపత్రంలో నుంచి దిగినట్లుంటాయి. రొయ్యల గ్రూపులో ‘వైట్‌స్పాట్ వ్యాధి లక్షణాలు తెలపండి’ అంటే, తెలిసినవారికి చెప్పవలసిన అవసరం కనిపించదు, తెలియనివారికి చెప్పడానికేమీ ఉండదు, సగం తెలిసినవారు తప్పు చెబితే రెండు వందల మందిలో పరువు పోతుందని ఊరుకుంటారు. పైగా ఆ జవాబు ఏ వీడియోలోనైనా దొరికేదే కనుక, తాను చెప్పకపోతే ఎవరికీ వచ్చే లోటు లేదని ప్రతి ఒక్కరికీ తెలుసు. అదే అడ్మిన్, రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూడటానికి చెరువులో దింపే చెక్ ట్రే గురించి, ‘ఈ ఉదయం చెక్ ట్రే ఎత్తినప్పుడు మేత ఎంత మిగిలింది? నిన్నటికన్నా ఎక్కువా, తక్కువా?’ అని అడిగితే పరిస్థితి మారిపోతుంది. ఆ చెరువు యజమాని తప్ప ఆ జవాబు చెప్పగలవారు లోకంలో లేరు. అందులో తప్పొప్పులు లేవు. ట్రే వైపు చూసి ఒక్క మాటలో చెప్పవచ్చు. ఇరవైమంది చెప్పేసరికి, ఏ వైపు చెరువుల్లో రొయ్య మేత తగ్గించిందో, అక్కడి నీటికీ వాతావరణానికీ సంబంధమేమైనా ఉందో అందరికీ కనిపించడం మొదలవుతుంది. అక్కడినుంచి వైట్‌స్పాట్ గురించి మాట్లాడితే వింటారు.

కొబ్బరి రైతుల గ్రూపులోనూ ఇదే దారి. మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో కనిపించి, తరువాత గోదావరి తోటలకూ పాకిన సర్పిలాకార తెల్లదోమ ఆకు అడుగున వలయాలుగా గుడ్లు పెడుతుంది. అది విడిచే జిగట పదార్థం కింది మట్టల మీద పడి దానిమీద నల్లని మసి పెరుగుతుంది. ‘తెల్లదోమ నివారణ ఎలా’ అని అడిగితే మందు పేర్లు తప్ప మరేమీ రావు. ‘మీ తోటలో మసి కింది మట్టలకే ఉందా, పైకీ ఎక్కిందా? చెట్ల మధ్య అరటి ఉందా, కోకో ఉందా, ఖాళీయేనా?’ అని అడిగి, ఒక్కో తోట నుంచి ఒక్క ఫోటో పెట్టమంటే, ఒకే మండలంలో తోటకూ తోటకూ ఉన్న తేడా బయటపడుతుంది. ఆ వివరాలను వరుసగా రాసి అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానం శాస్త్రవేత్తల ముందుంచితే, వారూ ‘మందు కొట్టండి’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టలేరు.

డెల్టాకు ఈ పద్ధతి ప్రత్యేకంగా నప్పడానికి కారణం ఉంది. గోదావరి బ్యారేజి వద్ద ధవళేశ్వరం, విజ్జేశ్వరం, బొబ్బర్లంకల దగ్గర మొదలయ్యే కాలువలు తూర్పు, పశ్చిమ, మధ్య డెల్టాల్లో పది లక్షల ఎకరాల పైచిలుకు భూమికి నీరిస్తున్నా, ఆ నీరు అందరికీ ఒకే రోజున, ఒకేలా అందదు. బ్యారేజికి దగ్గరలోని చేనులో ఊడ్పులు ముగిసేనాటికి సముద్రం వైపున్న ఊళ్లలో నారుమడికి నీటికోసం ఎదురుచూస్తుంటారు. లంక పొలంలో వండ్రు నేల, తీరం వైపు చవుడు తగిలే నేల. మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో విడుదలైన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029 రకం వరి, ఈ నేలలన్నిటిలోనూ పండింది గానీ ఎక్కడ ఏ తేదీన నాటితే ఎలా వచ్చిందన్నది ఏ కరపత్రంలోనూ పూర్తిగా ఉండదు. అది రైతుల బుర్రల్లో ముక్కలు ముక్కలుగా ఉంది. ఆ ముక్కలను ఒకచోట పోగేయడమే గ్రూపు చేయగల అసలైన పని.

చదువుకునే పిల్లల గ్రూపుల్లో చూసి చెప్పడానికి చెరువూ తోటా ఉండవు. అక్కడ సభ్యుడి దగ్గర మాత్రమే ఉన్నది అతను తడబడిన తీరు. ‘సరైన జవాబు ఏది’ అని అడగకుండా, ‘తప్పని తెలిసేదాకా మీరు ఏ జవాబు పెడదామనుకున్నారు, ఎందుకు’ అని అడిగి చూడండి. సరైన జవాబు ఒక్కరు చెబితే చర్చ అక్కడితో ముగుస్తుంది. తప్పుదారులు మాత్రం పదిమందికి పది రకాలు, ప్రతి ఒక్కటీ మరెవరికో పాఠమే. అడ్మిన్ తాను పడిన ఇబ్బందిని ముందుగా పెడితే మిగతావారికి జంకు తగ్గుతుంది.

ఒకసారి ఒక్క ప్రశ్న మాత్రమే వేయాలి. అంకెలు వేసి ఐదు ప్రశ్నలు పంపితే అది దరఖాస్తు ఫారంలా కనిపిస్తుంది. జవాబులు వచ్చాక అడ్మిన్ చేయవలసిన రెండో పని ఒకటుంది, దాన్నే ఎక్కువమంది వదిలేస్తారు. కెనడాకు చెందిన గారిసన్, ఆండర్సన్, ఆర్చర్ 2000లో ఆన్‌లైన్ అభ్యాసం గురించి ఇచ్చిన నమూనా ఆధారంగా తరువాత చర్చలను పరిశీలించినవారు గమనించినదేమంటే, ఎక్కువ చర్చలు ఎవరికి తోచినది వారు చెప్పే దశలోనే ఆగిపోతాయి, వాటిని కలిపి ఒక అవగాహనకు రావడం అరుదు. అందువల్ల మరునాడు అడ్మిన్ వచ్చిన జవాబులను నాలుగు వరుసల్లో సర్ది, ‘కాట్రేనికోన వైపు ఇలా ఉంది, రామచంద్రపురం వైపు అలా ఉంది, ఈ తేడా ఎందుకై ఉంటుంది’ అని రెండో ప్రశ్న వేయాలి. మొదటి ప్రశ్నకు కళ్లు చాలు, రెండోదానికి ఆలోచన కావాలి. మొదటిదానికి ఒకసారి జవాబిచ్చినవారు రెండోదానికి ఆలోచించడానికి వెనుకాడరు.

తెలిసినవారు కాసేపు ఆగాలి

గ్రూపుల్లో మాటను చంపేది అజ్ఞానం కాదు, తొందరగా వచ్చే మంచి జవాబు. అమెరికాకు చెందిన విద్యావేత్త మేరీ బడ్ రో 1970 దశకపు తొలినాళ్లలో తరగతి గదులను పరిశీలించి, ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే చాలు పిల్లల జవాబులు పొడవవుతున్నాయని, అడగకుండానే మాట్లాడేవారు పెరుగుతున్నారని చూపింది. ఫోను గ్రూపులో ఆ మూడు సెకన్లకు సమానమైనది ఒక రాత్రి అని నా అంచనా. పొలం నుంచి వచ్చి, స్నానం చేసి, భోజనమయ్యాక ఫోను తీసే మనిషి కళ్లకు సాయంత్రం ఐదు గంటలకు అడిగిన ప్రశ్నా, ఐదూ రెండు నిమిషాలకు నిపుణుడు ఇచ్చిన జవాబూ, కింద 40 నమస్కారాలూ కనిపిస్తే ఇక అతను చెప్పేదేముంది? నిపుణులతో ముందే మాట్లాడుకుని, ‘మీ జవాబు మర్నాడు ఉదయం తొమ్మిదికి పెట్టండి’ అని ఒప్పించుకోవాలి. వారిలో చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు, ఎందుకంటే ప్రతి ప్రశ్నకూ తామే పరుగెత్తే పని తప్పుతుంది.

ప్రాణం మీదికి వచ్చిన ప్రశ్నకు ఈ నియమం వర్తించదు. రాత్రంతా నీటిలోని మొక్కజీవులు కూడా ఆక్సిజన్ వాడుకోవడంతో చెరువులో డీవో, అంటే నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్, తెల్లవారుజామున కనిష్ఠానికి పడిపోతుంది. నాలుగు గంటలకు రొయ్యలు పైకి తేలుతున్నాయని ఎవరైనా రాస్తే చర్చ కాదు, ఫోను కావాలి. అటువంటివాటికి ‘అత్యవసరం’ అన్న ఒక్క మాటను గుర్తుగా పెట్టుకుని, ఆ గుర్తు కనిపిస్తే తెలిసినవారు వెంటనే ఫోను చేయాలన్న ఒప్పందం గ్రూపు మొదలైన రోజే జరగాలి.

వంతులు

కాలువ నీటి సంగతి తెలిసినవారికి ఇది కొత్త సమస్య కాదు. ఎగువవారు తూములు తెరిచి కావలసినంత పెట్టుకుంటే శివారు భూములకు చుక్క చేరదు. అందుకే దాళ్వాలో, అంటే రెండో పంటకు, నీరు చాలనప్పుడు వంతులవారీగా వదులుతారు. గ్రూపులో సమయమూ అలాంటిదే. చదువుకున్నవారు, పెద్ద కమతం ఉన్నవారు, వేళ్లు చురుకైనవారు ఎగువన ఉంటారు. వారిని నిందించి లాభం లేదు, వంతు పెట్టడమే మార్గం. వారానికి ఒక రోజు ఒక ఊరిది, లేదా నలుగురు సభ్యులది అని ప్రకటించి, ఆ రోజు మొదటి మాట వారిదే కావాలని, మిగతావారు వారిని అడగవచ్చుగానీ తమ సంగతులు మొదలుపెట్టకూడదని నియమం పెట్టాలి.

వంతు వచ్చినవారిని గ్రూపులో పేరు పెట్టి పిలిచి నిలబెట్టకూడదు. రెండు రోజుల ముందు విడిగా కబురు పెట్టాలి: ‘బాబాయి గారండీ, శుక్రవారం మీ ఊరి వంతండీ. ఈ దింపుకి కాయ ఎలా వచ్చిందో మూడు ముక్కల్లో చెప్పండి చాలు. ఫోటో ఉంటే పెట్టండి, లేకపోయినా పర్వాలేదండీ.’ ఇంత సులువుగా అడిగితే కాదనేవారు తక్కువ. ‘అందరూ స్పందించవలసిందిగా కోరుతున్నాము’ అన్న ప్రకటనకు ఎవరూ స్పందించరు, ఎందుకంటే అది ఎవరినీ ఉద్దేశించినది కాదు.

మర్యాద మన ప్రాంతానికి అందమే గానీ, గ్రూపులో దానివల్ల ఒక చిక్కు వస్తుంది. పెద్దవారు ఒక మాట అన్నాక చిన్నవారు వేరే మాట చెప్పరు. సర్పంచి గారో మాస్టారో ‘ఈ ఏడు ముందే నాటాలి’ అని తేల్చేస్తే, అలా నాటి నష్టపోయిన పిల్లవాడు ‘ఆయ్, అలాగేనండీ’ అని ఊరుకుంటాడు. దీనికి రెండు విరుగుళ్లు ఉన్నాయి. భిన్నాభిప్రాయం ఉండగల విషయమైతే ముందు వాట్సాప్‌లోని పోల్ పెట్టి, ఎన్ని పక్షాలున్నాయో తెలిసిన తరువాతే చర్చ తెరవాలి. అయితే ఆ పోల్‌లో ఎవరు ఎటు ఓటేశారో అందరికీ కనిపిస్తుంది కనుక, సున్నితమైన సంగతి అయితే విడిగా జవాబులు తెప్పించుకుని అంకెలు మాత్రమే చెప్పాలి. రెండోది, పెద్దలతోనే మాట్లాడి వారిని చివర చెప్పమనడం. ‘మీరు ముందు చెబితే పిల్లలు మాట్లాడరండీ, మీరు ఆఖరున తేల్చండి’ అంటే గౌరవం తగ్గినట్లు ఎవరూ అనుకోరు. నిజానికి తీర్పు చెప్పే స్థానం ఇచ్చినట్లే.

రాయలేనివారు, ఫోను తమది కానివారు

తెలుగులో టైపు చేయడం చాలామందికి శ్రమ. 2017 నుంచి గూగుల్‌లో తెలుగు మాటను విని అక్షరాలుగా రాసే సౌకర్యం ఉన్నా, దాన్ని కీబోర్డులో ఎక్కడ నొక్కాలో పక్కన కూర్చుని చూపేదాకా వాడేవారు తక్కువ. చేరిన ప్రతి ఒక్కరికీ ఆ ఒక్క పని నేర్పడం వంద ప్రోత్సాహక సందేశాలకన్నా మేలు. వాయిస్ సందేశాలు ఇంకా సులువు. అయితే వాటిని ఒక నిమిషం దాటనివ్వకూడదు, ప్రతిదానికీ ఎవరో ఒకరు రెండు వాక్యాల సారం రాయాలి, లేకపోతే నెల తరువాత ఏ సంగతి ఎక్కడుందో వెతకడం అసాధ్యం. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాసినా, అక్షరదోషాలు దొర్లినా ఎవరూ దిద్దకూడదు. ఒక్కసారి దిద్దితే ఆ మనిషి మళ్లీ రాయరు, చూసిన మరో పదిమంది అసలు మొదలుపెట్టరు. ఒట్టి ఫోటో పెట్టినా పాలుపంచుకున్నట్లే లెక్కించాలి.

లేసు అల్లికవారి విషయంలో ఆలోచించవలసినవి మరికొన్ని ఉన్నాయి. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది; ఇళ్లలో కూర్చుని అల్లే మహిళలు కొత్త డిజైన్లు, ధరలు, నాణ్యత గురించి తెలుసుకోవాలన్న ఆసక్తి సహజం. కానీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోను భర్తదో కొడుకుదో కావచ్చు, అది పగలంతా వారి జేబులోనే ఉంటుంది. అటువంటప్పుడు ‘ఈ రోజు సాయంత్రంలోగా చెప్పండి’ అన్న గడువు వారిని నేరుగా బయటికి నెట్టేస్తుంది. మూడు నాలుగు రోజుల గడువు ఉండాలి. పేరు ఎవరిదై ఉన్నా మాట్లాడేది ఎవరో చెప్పే అలవాటు ముందే చేయించాలి, ఎందుకంటే కొడుకు పేరు మీద వచ్చిన సందేశానికి ‘తమ్ముడూ’ అని జవాబిస్తే అవతల ఉన్న అమ్మ నొచ్చుకుంటుంది. వాట్సాప్ గ్రూపులో నంబర్లు అందరికీ కనిపిస్తాయి కనుక, తెలియనివారి నుంచి ఫోన్లు వస్తాయన్న భయం ఊహ కాదు. మహిళలకు వేరే గ్రూపు, దానికి మహిళే అడ్మిన్, చేరేవారిని అడ్మిన్ ఆమోదించాకే లోపలికి రానిచ్చే ఏర్పాటు ఉండాలి. లేదా నంబరు ఇతరులకు కనిపించకుండా పెట్టుకునే వీలున్న టెలిగ్రామ్ వాడాలి.

వారి మౌనానికి మరో కారణం డిజైన్ల దొంగతనం. నెలరోజులు ఆలోచించి అల్లిన నమూనా ఫోటో పెడితే మర్నాటికి అది పక్క ఊళ్లో తయారవుతుందన్న అనుమానం ఉన్నచోట ‘మీ పని చూపించండి’ అనడం న్యాయం కాదు. మొత్తం డిజైన్ అడగకుండా, కుట్టు బిగువు ఎలా వచ్చిందో తెలిసేలా ఒక మూల ఫోటో చాలనండి. సందేహం ఉన్న ఒక్క వరుసను మాత్రమే చూపమనండి. నేర్చుకోవడానికి ఆ మూల సరిపోతుంది, అమ్ముకోవడానికి సరిపోదు.

గ్రూపు పరిమాణం, వేళ, కాలం

వాట్సాప్ ఒక గ్రూపులో 1024 మంది దాకా చేర్చుకోనిస్తుంది. అంతమంది వినవచ్చుగానీ మాట్లాడుకోలేరు. ప్రకటనలకు పెద్ద గ్రూపు ఉంచి, మాట్లాడుకోవడానికి ఒకే రకం నేల లేదా ఒకే చోటి నీరు ఉన్న పదిహేను ఇరవై మందికి ఒకటి చొప్పున చిన్నవి చేయడం మంచిది. కొత్తవారిని రోజుకొకరిని కాకుండా నెలకోసారి కొందరిని కలిపి చేర్చితే, ఎవరూ ఒంటరిగా కొత్తవారు కారు. వారి మొదటి మాటకు ఆ రోజే ఎవరో ఒకరు జవాబివ్వాలి. అది అడ్మిన్ కాకుండా తోటి సభ్యులైతే మరీ మంచిది.

వేళ సంగతి పనినిబట్టి తేలాలి. రొయ్యల రైతును మేత వేసే వేళ పిలవకూడదు, కొబ్బరి రైతును కాయ దింపు రోజున పిలవకూడదు. ఏడాదిని కూడా అలాగే చూడాలి. జూన్‌లో కాలువలకు నీరు వదిలినప్పటి నుంచి సార్వా, అంటే తొలి పంట, ఊడ్పులు ముగిసేదాకా చిన్న ప్రశ్నలే వేయాలి. సంక్రాంతి వారంలో ఏమీ పెట్టకండి, పందేల వీడియోల మధ్య పాఠం కొట్టుకుపోతుంది. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేసే వేసవి నెలలే పొడవైన పాఠాలకూ ముఖాముఖి సమావేశాలకూ అనువైన కాలం. ఏడాదికి ఒక్కసారైనా ఒకరి తోటలోనో చెరువు గట్టునో కలుసుకున్న గ్రూపు ఆ తరువాత ఆన్‌లైన్‌లో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

వరదల రోజులు ప్రత్యేకం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది జారీ చేస్తారు. ఆ రోజుల్లో పాఠాలు ఆపేసి, గ్రూపును లంక గ్రామాల సమాచారానికి వదిలేయాలి. అయితే అధికారులు ప్రకటించిన అంకె, లేదా సభ్యుడు తన ఊళ్లో తన కళ్లతో చూసినది తప్ప మరేదీ పెట్టకూడదన్న నియమం కఠినంగా అమలు కావాలి. ఏడాదంతా మాట్లాడనివారు ఆ వారంలో ‘మా రేవు దగ్గర మూడు మెట్లు మునిగాయి’ అని రాస్తారు. వారి పేర్లు గుర్తు పెట్టుకుని, వరద తగ్గాక మొదటి వంతు వారికివ్వండి.

బహుమతులు, అమ్మకాలు, తప్పు జవాబులు

బహుమతుల గురించి క్లుప్తంగా చెబుతాను: పెట్టవద్దు. ఎడ్వర్డ్ డెసీ 1971లో కళాశాల విద్యార్థుల మీద, లెపర్, గ్రీన్, నిస్బెట్ 1973లో బొమ్మలు గీసే చిన్నపిల్లల మీద చేసిన ప్రయోగాల్లో, ఇష్టంతో చేసే పనికి ముందే చెప్పి ప్రతిఫలం ఇస్తే, అది ఆగిన తరువాత ఆ ఇష్టం మునుపటికన్నా తగ్గినట్లు తేలింది. ‘ఎక్కువ సందేశాలు పెట్టినవారికి బహుమతి’ అంటే మీకు దక్కేవి శుభోదయం పూలబొమ్మలే. మనిషిని నిలబెట్టేది తాను చెప్పినది మరొకరికి పనికొచ్చిందని తెలియడం. కాబట్టి సలహా తీసుకున్నవారు పదిహేను రోజుల్లో ఫలితం చెప్పి తీరాలని, పని చేయకపోయినా చెప్పాలని ఒప్పందం ఉండాలి. నెలకోసారి తేలిన విషయాలను ఒక పేజీలో రాసి, ఏ మాట ఏ ఊరి నుంచి వచ్చిందో పక్కన వేయాలి.

మందులు, మేత, సీడ్ (చెరువులో వదిలే రొయ్యపిల్లలు) అమ్మేవారు గ్రూపులో ఉండకుండా ఆపలేము, ఆపనూ అక్కర్లేదు. వారికి తెలిసినవి చాలా ఉంటాయి. కానీ అడిగిన ప్రతి సందేహానికీ ఒక డబ్బా ఫోటో జవాబుగా వచ్చే గ్రూపులో రైతులు సందేహాలు చెప్పడం మానేస్తారు. తాము అమ్మే సరుకు గురించి మాట్లాడేటప్పుడు ‘ఇది నేను అమ్ముతాను’ అని ముందు చెప్పాలన్న ఒక్క నియమం చాలా గొడవలను తగ్గిస్తుంది. ఎవరైనా తప్పు చెబితే ‘తప్పు’ అనకుండా ‘మా చెరువులో వేరేగా జరిగింది’ అని మరొకరి అనుభవాన్ని పక్కన పెట్టించాలి. నష్టం తెచ్చే సలహా అయితే మాత్రం అడ్మిన్ వెంటనే, స్పష్టంగా, కారణంతో సహా వద్దని చెప్పి, ఆ మనిషికి విడిగా ఫోను చేయాలి.

గ్రూపు ఎలా నడుస్తోందో తెలియాలంటే సందేశాలు లెక్కపెట్టవద్దు. వాట్సాప్‌లో చర్చ మొత్తాన్ని ఎగుమతి చేసుకునే వీలుంది. నెలాఖరున దాన్ని తెరిచి, ఈ నెల కనీసం ఒకసారి మాట్లాడినవారు ఎందరు, వారిలో మొదటిసారి మాట్లాడినవారు ఎందరు, జవాబు రాకుండా మిగిలిన ప్రశ్నలు ఎన్ని, ఫలితం తిరిగి చెప్పినవారు ఎందరు అన్నవి రాసుకోండి. ఆ పక్కనే మొత్తం మాటల్లో మీవి ఎంత శాతమో వేయండి. నెలనెలా ఆ శాతం తగ్గుతూ ఉండాలి. తగ్గకపోతే వచ్చే నెల ప్రశ్నలు వేసే పనిని ఇద్దరు సభ్యులకు అప్పగించి, ఆ నెలంతా ‘అత్యవసరం’ గుర్తు ఉన్నవాటికి తప్ప మీరు రాయకుండా ఉండండి.